తాళం తిరగడం లేదంటే ఎక్కడ పట్టినట్టు?

కొన్నేళ్ల క్రితం విజయవాడ మొగల్రాజపురంలో బంధువుల ఇంటికి వెళ్లి, కొండవాలు సందులో ముందు చక్రాన్ని కాలువ గట్టుకు ఆనించి కారు నిలిపాను. మర్నాడు పొద్దున్నే బయలుదేరబోతే తాళం చెవి లోపలికి దిగుతోంది గానీ వెంట్రుకవాసి కూడా తిరగడం లేదు. చుట్టూ చేరినవారిలో ఒకరు బేటరీ డౌన్ అయిందన్నారు, ఇంకొకరు చెవిలోని చిప్పు పోయిందన్నారు, మూడో ఆయన పట్టకారు తెప్పించి గట్టిగా తిప్పమన్నారు. కబురు చేస్తే వచ్చిన మెకానిక్ ఈ మూడింటిలో దేన్నీ పట్టించుకోలేదు. డోరు తీసి, నిలబడే ఎడమచేత్తో స్టీరింగును ఒక పక్కకు బలంగా లాగిపట్టి, కుడిచేతి వేళ్లతో తాళం చెవిని మెల్లగా తిప్పాడు. టక్కుమని చప్పుడైంది, డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగాయి. నేను చెవిని చూస్తూ ఉండిపోయాను, అతను చక్రాన్ని చూశాడు.

మన వాడుకలో ‘బండి స్టార్ట్ కావడం లేదు’ అనే ఒక్క మాట మూడు వేర్వేరు జబ్బులకు పేరుగా చెల్లిపోతోంది. తాళం చెవి అసలు తిరగకపోవడం ఒకటి. చెవి తిరిగి దీపాలు వెలిగినా సెల్ఫ్ తీసుకోకపోవడం రెండోది. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం మూడోది. చివరి రెండింటికీ బేటరీ, స్టార్టర్ మోటారు, వైర్లు, పెట్రోలు, స్పార్కు, చిప్పు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మొదటిదానికి మాత్రం వీటితో సంబంధం లేదు. చెవి పెట్టి తిప్పే మామూలు కార్లలో ఆ తొలి మలుపు పూర్తిగా లోహానికీ లోహానికీ మధ్య వ్యవహారం. బేటరీని విప్పి పక్కన పెట్టినా తాళం తిరగాల్సిందే. ఈ తేడా తెలియకనే చాలామంది తాళం పట్టేసిన బండికి జంపర్ కేబుళ్లు (వేరే బండి బేటరీ నుంచి కరెంటు అందించే వైర్లు) తగిలించి, అవి పనిచేయలేదని కొత్త బేటరీ కొంటారు.

తాళం రంధ్రం వెనుక వరుసగా మూడు భాగాలుంటాయి. ముందున్నది బ్యారెల్, అంటే చెవి దిగే గుండ్రటి లోహపు గొట్టం. దిగిన చెవి ఈ బండిదేనా కాదా అని గుర్తుపట్టడం దాని పని. దాని వెనుక స్టీరింగును బిగించి ఉంచే పిన్ను ఉంటుంది. చిట్టచివర విద్యుత్ స్విచ్చు ఉంటుంది. బ్యారెల్ తిరిగినప్పుడు దాని వెనుక కొస ఈ స్విచ్చును తిప్పుతుంది, లాక్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్ అనే మెట్లు దాటుతున్నప్పుడు మొదట రేడియోకు, తరువాత ఇంజిన్ వ్యవస్థకు, చివరగా సెల్ఫ్‌కు కరెంటు అందేది దీని ద్వారానే. కాబట్టి చెవి ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే మొదటి ప్రశ్న. లాక్ దగ్గరే ఆగితే లోపం బ్యారెల్లోనో స్టీరింగు పిన్ను దగ్గరో ఉంటుంది. ఆన్ దాకా హాయిగా వచ్చి అక్కడి నుంచి స్టార్ట్ వైపు కదలకపోతే సంగతి వేరు. కొన్ని యూరోపియన్ కార్లలో ఒకసారి స్టార్ట్ వైపు తిప్పి వదిలాక, చెవిని పూర్తిగా వెనక్కి తెస్తే తప్ప రెండోసారి స్టార్ట్ వైపు తిరగనివ్వని ఏర్పాటు ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ మీద పొరపాటున సెల్ఫ్ కొట్టకుండా పెట్టిన జాగ్రత్త అది. తెలియనివారికి తాళం పాడైనట్టే అనిపిస్తుంది.

ముందుగా స్టీరింగు పిన్ను సంగతి, ఎందుకంటే అంతదాకా ఏ మాత్రం ఇబ్బంది పెట్టని తాళం ఉన్నట్టుండి మొరాయిస్తే మొదట చూడవలసింది ఇదే. చెవిని బయటకు తీసిన మరుక్షణం స్ప్రింగు బలంతో ఒక లోహపు పిన్ను ముందుకు వచ్చి స్టీరింగు కడ్డీకి ఆనుకుంటుంది. స్టీరింగు ఏ కొంచెం తిరిగినా ఆ కడ్డీ మీదున్న గాడి పిన్ను ఎదుటికి వస్తుంది, పిన్ను అందులో పడుతుంది, ఇక చక్రాలు తిరగవు. దొంగల కోసం చేసిన ఏర్పాటు ఇది. అమెరికాలో 1969 మోడళ్లలో జనరల్ మోటార్స్ అప్పటిదాకా డాష్‌బోర్డు మీదున్న తాళాన్ని స్టీరింగు కాండం మీదకు మార్చింది. 1970 జనవరి 1 నుంచి, చెవి తీస్తే స్టీరింగునో ముందుకు కదలడాన్నో అడ్డుకునే తాళం ఉండాలన్న నిబంధన అక్కడ అమలులోకి వచ్చింది. నేడు మన రోడ్ల మీద చెవితో తిరిగే కార్లు దాదాపు అన్నీ ఆ పద్ధతినే పాటిస్తున్నాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గాడిలో పడిన పిన్ను మీద పక్క నుంచి ఒత్తిడి పడినప్పుడు. వాలులో నిలిపిన కారు చక్రం గట్టుకు ఒరిగి ఉన్నా, స్టీరింగును చివరిదాకా తిప్పి టైరు మెలిపడి ఉండగా ఇంజిన్ ఆపినా, దిగేటప్పుడు ఆసరా కోసం స్టీరింగు పట్టుకుని లేచినా, ఆ బలమంతా కడ్డీ గుండా వచ్చి గాడి గోడతో పిన్నును నొక్కిపెడుతుంది. గడియకు ఆనుకుని ఎవరో కూర్చున్న తలుపు ఎలా ఉంటుందో ఇదీ అంతే. గడియలో దోషం ఉండదు, దాని మీదున్న భారం తీస్తే చాలు. ఈ స్థితిలో చెవిని తిప్పితే అది పిన్నును వెనక్కి లాగలేక ఆగిపోతుంది. ఇంకా బలం పెడితే పిన్ను కదలదు సరికదా, చెవి మెలికపడుతుంది.

విడిపించే పద్ధతికి కొంచెం చేతివాటం కావాలి. చెవిని పూర్తిగా లోపలికి దించి, తిప్పవలసిన వైపు వేళ్లతో తేలికైన ఒత్తిడి ఉంచాలి. రెండో చేత్తో స్టీరింగును అటూ ఇటూ కదిపి చూస్తే ఒకవైపు అది రాయిలా ఆగిపోతుంది, ఇంకోవైపు బియ్యపు గింజంత సందు ఇస్తుంది. ఆ సందు ఇచ్చే వైపుకే స్టీరింగును నెమ్మదిగా, గట్టిగా లాగిపట్టాలి, అప్పుడు పిన్ను మీది భారం తగ్గి చెవి దానంతట అదే తిరుగుతుంది. చాలామంది రెండు పక్కలకూ దబదబా ఊపుతూ అదే ఊపులో చెవినీ మెలిపెడతారు. దానివల్ల భారం తగ్గిన క్షణానికీ చెవి తిరిగే క్షణానికీ పొంతన కుదరదు. ఇంజిన్ ఆగి ఉండగా పవర్ స్టీరింగ్ సాయం చేయదు కాబట్టి బరువు అనిపించడం సహజం. చక్రం గట్టుకు బాగా ఒరిగి ఉంటే మరొకరిని కారును ఒకింత ముందుకో వెనక్కో ఊపమనాలి. వాలులో ఉంటే హ్యాండ్ బ్రేకు పట్టి ఉంచి, కారుకు దిగువన ఎవరూ లేకుండా చూసుకుని మాత్రమే ఆ పని చేయాలి.

స్టీరింగుకు రెండు వైపులా మామూలుగా సందు ఉండి కూడా చెవి తిరగకపోతే దృష్టి బ్యారెల్ మీదకు మళ్లాలి. దీని తీరు పూర్తిగా వేరు. పిన్ను జబ్బు ఉన్నట్టుండి వస్తుంది, ఒకసారి విడిపిస్తే మళ్లీ నెలల తరబడి కనిపించకపోవచ్చు. బ్యారెల్ జబ్బు ముదురుతూ వస్తుంది. మొదట పది రోజులకొకసారి చెవిని రెండుసార్లు తిప్పవలసి వస్తుంది, తరువాత కాస్త బయటకు లాగి తిప్పితే తిరుగుతుందని చెయ్యి కనిపెడుతుంది, ఆపై ఇంట్లో ఒక్కరికే ఆ కిటుకు తెలుసన్న స్థితి వస్తుంది. ‘నాకైతే తిరుగుతుంది’ అని ఆ ఒక్కరూ అనుకుంటూ ఉండగానే ఒకరోజు వారికీ తిరగదు.

కారణం బ్యారెల్ లోపలి పలుచటి ఇత్తడి రేకులు. కారును బట్టి ఇవి ఆరు నుంచి పది దాకా వరుసగా ఉంటాయి, ఒక్కొక్క దాని వెనుకా చిన్న స్ప్రింగు ఉంటుంది. చెవి లేనప్పుడు ఆ రేకులు బ్యారెల్ అంచు దాటి బయటికి పొడుచుకు వచ్చి, చుట్టూ ఉన్న బయటి గొట్టపు గాడిలో ఇరుక్కుంటాయి. చెవి దిగితే దాని పళ్ల ఎత్తుపల్లాలు ఒక్కో రేకునూ తగినంత మేర జరిపి, అన్నింటినీ బ్యారెల్ అంచుతో సమంగా నిలబెడతాయి. ఒక్క రేకు గోరంచంత పైకి ఉన్నా, కిందికి ఉన్నా బ్యారెల్ తిరగదు. పంటి లోతులో ఒక మెట్టుకూ మరో మెట్టుకూ తేడా సుమారు అర మిల్లీమీటరే కాబట్టి, ఏళ్ల తరబడి రోజుకు పదిసార్లు దిగి వచ్చే చెవి పళ్లు అందులో సగం అరిగినా చాలు, అది తన తాళాన్ని తానే గుర్తుపట్టించుకోలేని స్థితికి చేరుతుంది.

ఇక్కడ పరీక్ష చాలా సులభం: బీరువాలో దాచిన రెండో చెవిని తెచ్చి పెట్టడం. కారు కొన్ననాడు షోరూం వారు ఇచ్చిన ఆ చెవి వాడకం లేక పదునుగా ఉంటుంది. దానితో తాళం సాఫీగా తిరిగితే బ్యారెల్ బాగానే ఉంది, అరిగింది మీ చేతిలోని చెవి. దానితోనూ తిరగకపోతే బ్యారెల్ లోపలే ఏదో ఉంది. రెండో చెవి దగ్గర లేనప్పుడు చేయదగిన పని ఒకటుంది. రెండంచులా ఒకే రకం పళ్లు ఉన్న చెవి అయితే తీసి తిరగేసి పెట్టి చూడాలి. అంతదాకా ఒక అంచుతో పనిచేసిన రేకులు ఇప్పుడు రెండో అంచును తాకుతాయి, అరుగుదల రెండంచుల్లో ఒకేలా ఉండదు కాబట్టి కొన్నిసార్లు తాళం లొంగుతుంది. అలాగే పూర్తిగా దించిన చెవిని ఒకింత వెనక్కి లాగి తిప్పితే తిరుగుతోందంటే పళ్లు అరిగాయనడానికి అది దాదాపు సాక్ష్యమే.

అరిగిన చెవిని పట్టుకుని రోడ్డు పక్క తాళాలు చేసే వ్యక్తి దగ్గరికి వెళ్లి మారుతాళం చెవి చేయించుకోవడం మన వాళ్లు సాధారణంగా చేసే పని, ఇందులోనే పొరపాటు ఉంది. అతని యంత్రం ముందున్న చెవిని చూసి అచ్చు గుద్దినట్టు కోస్తుంది, అరుగుదలతో సహా. కొత్త లోహం మీద పాత జబ్బును అచ్చువేయించుకున్నట్టవుతుంది. కారు కొన్నప్పుడు చెవుల గుత్తికి చిన్న లోహపు బిళ్ల మీదో ప్లాస్టిక్ బిళ్ల మీదో ఒక నంబరు వస్తుంది. పళ్ల అసలు లోతులు ఆ నంబరులో ఉంటాయి, దానిని బట్టి కోసిన చెవి కంపెనీ నుంచి వచ్చిన మొదటి చెవితో సమానం. ఆ బిళ్లను గుత్తికే తగిలించి తిరగడం మాత్రం మంచిది కాదు, గుత్తి ఎవరి చేతిలో పడితే వారికి మీ చెవి వివరాలన్నీ ఇచ్చినట్టే.

రెండో చెవితోనూ తిరగనప్పుడు అనుమానించవలసింది బ్యారెల్లోని మురికిని, అరిగి ఇరుక్కున్న రేకులను. దుమ్ము, వానాకాలపు తేమ మామూలే. పిల్లలు దూర్చిన చీపురు పుల్ల ముక్క, చెవికి అంటుకుని వెళ్లిన చాక్లెట్ కూడా తాళాల పనివారికి కొత్త కాదు. మన దగ్గర దీనికి తోడు ఇంకొకటుంది. కొత్త బండి పూజలోనూ, దసరా ఆయుధపూజలోనూ తాళం చెవికి గంధం, పసుపు, కుంకుమ పెట్టి, తుడవకుండా అలాగే తాళంలో దించుతాం. తడి గంధం ఆరితే సుద్దముక్క లాంటిదే. భక్తికి అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు, చెవి పిడికి బొట్టు పెట్టి పళ్ల వైపు వదిలేస్తే దేవుడూ ఏమీ అనుకోడు.

మురికి వల్ల రేకు ఇరుక్కుందనిపిస్తే, చెవి లోపలే ఉంచి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో చెవి తల మీద నాలుగైదుసార్లు తేలికగా తట్టి తిప్పి చూడవచ్చు. ఆ అదురుకు స్ప్రింగులు రేకులను తమ చోటికి చేరుస్తాయి. సుత్తి వాడకూడదు. ఆ తరువాత కందెన ప్రశ్న. ఇంట్లో కనిపించిన కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయడం మన అలవాటు, ఆ రోజుకు తాళం తిరుగుతుంది కూడా. కానీ ఆ జిగట మీద వచ్చే వేసవి దుమ్మంతా చేరి, రేకుల మధ్య ముద్దగా మారుతుంది. తాళాలకు వాడవలసింది గ్రాఫైట్ పొడి, లేదా చల్లాక ఆరిపోయే పొడి రకం స్ప్రే. అందరి ఇళ్లలో కనిపించే డబ్ల్యూడీ-40 స్ప్రే విషయంలో దాని పేరే సమాధానం చెబుతుంది: డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, తడిని తొలగించడం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తడిని తరిమి తుప్పు పట్టకుండా కాపాడేందుకు ఒక ద్రవం కోసం వెతుకుతూ నలభయ్యో ప్రయత్నంలో సాధించామని దానికా పేరు పెట్టారు. తడి, పాత జిగట వదిలించడంలో దానికి తిరుగులేదు. ఎక్కువకాలం నిలిచే కందెనగా మాత్రం తాళంలో దానిని నమ్ముకోకూడదు. చల్లి, చెవిని పదిసార్లు దించి తీస్తూ ప్రతిసారీ గుడ్డతో తుడిచి, ఆరాక పొడి కందెన వేయడం సరైన వరుస. గ్రాఫైట్‌నూ నూనెనూ కలిపి వాడితే మాత్రం నల్లటి పేస్టు తయారవుతుంది.

పట్టకారు గురించి ఒక్క మాట. కారు చెవులు సాధారణంగా ఇత్తడివో, ఇత్తడిలో నికెల్ కలిసినవో. వేళ్ల బలానికి తట్టుకునేలా చేసినవి. పట్టకారుతో పట్టి తిప్పితే ఆ బలం అనేక రెట్లై చెవి మెడ దగ్గర మెలిక తిరుగుతుంది. వంగిన చెవిని గచ్చు మీద పెట్టి సరిచేసి వాడుకోవచ్చనిపిస్తుంది గానీ, ఒకసారి వంగి నిలిచిన చోట లోహం బలహీనపడుతుంది, ఆ చెవి తాళంలోనే విరిగే ప్రమాదం ఉంటుంది. విరిగిన ముక్కను బయటకు తీయించే ఖర్చు, ఆలస్యం ముందు కొత్త చెవి ధర చిన్నదే.

ఆటోమేటిక్ గేర్ల కార్ల విషయం త్వరగా ముగించవచ్చు. వాటిలో గేరు పి (పార్కింగ్) మీద లేకపోతే చెవి వెనక్కి లాక్ దాకా రాదు, బయటకు రాదు. పి, ఎన్ (న్యూట్రల్) తప్ప మరో గేరులో ఉంటే సెల్ఫ్ తీసుకోదు. ట్రాఫిక్‌లో దిగే హడావిడిలో డి (డ్రైవ్) మీదే వదిలేసి, చెవి రావడం లేదని కంగారుపడేవారు ఎక్కువ. మాన్యువల్ కార్లలోనూ ఇటీవలి మోడళ్లు చాలావరకు క్లచ్చి తొక్కితే తప్ప సెల్ఫ్ తీసుకోవు, అయితే అక్కడ చెవి తిరగడం మాత్రం తిరుగుతుంది.

చిప్పుకు కూడా ఇదే న్యాయం. చెవి పిడిలో ఉండే చిన్న చిప్పును, తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట తన తరంగాలతో మేల్కొలిపి దాని సంకేతాన్ని చదువుతుంది. అందుకు చెవిలోని రిమోట్ బేటరీతో పనిలేదు. సంకేతం సరిపోకపోతే డాష్‌బోర్డు మీద తాళం చెవి బొమ్మ మెరుస్తుంది, ఇంజిన్ నడవదు, కానీ తాళం మాత్రం తిరుగుతుంది. నిజమైన కాపలా ఏదో అమెరికాలో కొన్నేళ్ల క్రితం తేలిపోయింది. చిప్పు వ్యవస్థ లేకుండా అమ్మిన అనేక హ్యుందాయ్, కియా కార్లలో దొంగలు స్టీరింగు కింది తొడుగు విప్పి, బ్యారెల్‌ను ఊడబెరికి, వెనుక మిగిలిన కొసను యూఎస్‌బీ కేబుల్ మొనతో తిప్పి తోలుకుపోయారు. ఆ తరహా దొంగతనాలు ఎంత పెరిగాయంటే, 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించాల్సి వచ్చింది.

బటన్ నొక్కే కార్లలో చెవి లేదు కాబట్టి ఈ బాధే లేదనుకుంటే పొరపాటు. స్టీరింగు పిన్ను చాలా మోడళ్లలో ఇంకా ఉంది, దానిని వెనక్కి లాగేది మాత్రం వేళ్లకు బదులు ఒక చిన్న మోటారు. గట్టుకు చక్రం ఒరిగి పిన్ను మీద భారం పడితే ఆ మోటారు కూడా లాగలేక ఓడిపోతుంది, స్టీరింగు లాక్ అయిందని హెచ్చరిక వస్తుంది. మందు అదే: స్టీరింగును సందు ఇచ్చే వైపుకు లాగిపట్టి బటన్ నొక్కడం. తేడా ఒక్కటే, ఇక్కడ బేటరీ బలహీనమైతే మోటారూ నీరసిస్తుంది కాబట్టి, మొదట్లో నా బండి చుట్టూ చేరినవారి బేటరీ సలహా ఈ కార్ల విషయంలో మాత్రం చెల్లుతుంది.

చెవుల గుత్తి బరువు గురించి మెకానిక్‌లు చెప్పే మాటను చాదస్తంగా కొట్టిపారేయనక్కరలేదు. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, ఇత్తడి గంట, దేవుడి బిళ్ల అన్నీ వేలాడుతుంటే గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా ఊగుతూ చెవిని బ్యారెల్లో ఒరిపిడి పెడుతూనే ఉంటుంది. దీనికి తిరగబడ్డ ఉదాహరణ 2014లో జనరల్ మోటార్స్ ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచిన సుమారు 26 లక్షల కార్లు. వాటిలో స్విచ్చు మరీ సులువుగా తిరిగిపోయేది. బరువైన గుత్తి ఊగినా, మోకాలు తగిలినా నడుస్తున్న బండిలో చెవి ఆన్ నుంచి యాక్సెసరీకి జారి, ఇంజినూ పవర్ స్టీరింగూ ఆగి, ఎయిర్ బ్యాగులు విచ్చుకునేవి కావు. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి ఆపాదించి అంగీకరించింది.

అన్నీ అయ్యాక బ్యారెల్ మార్చక తప్పదని తేలితే, ఎప్పుడు మార్చామన్నదే ఖర్చును నిర్ణయిస్తుంది. చాలా కార్లలో బ్యారెల్‌ను గూటిలోంచి తీయాలంటే చెవిని యాక్సెసరీ దాకా తిప్పి, అప్పుడు ఎదురుగా వచ్చే చిన్న పట్టును సన్నటి కడ్డీతో నొక్కాలి. అంటే తాళం ఇంకా తిరుగుతున్నప్పుడైతే అది కొద్ది నిమిషాల పని. పూర్తిగా పట్టేశాక డ్రిల్లుతో తొలిచి తీయవలసి వస్తుంది. మొత్తం స్టీరింగు లాక్‌నే మార్చాలంటే ఇంకా కష్టం, ఎందుకంటే దొంగలు విప్పకూడదని దానిని బిగించిన బోల్టుల తలలు బిగింపు పూర్తయ్యాక తెగిపోయేలా చేస్తారు. స్టీరింగులో ఎయిర్ బ్యాగు ఉంటుంది కాబట్టి బేటరీ నెగటివ్ వైరు విప్పి కొన్ని నిమిషాలు ఆగకుండా అక్కడ చెయ్యి పెట్టనివ్వకూడదు. కొత్త బ్యారెల్ కొత్త చెవితో వస్తుంది, దాంతో డోర్లకు ఒక చెవి, ఇగ్నిషన్‌కు ఒక చెవి అవుతాయి. నేర్పరి అయిన తాళాల మనిషి అయితే కొత్త బ్యారెల్లో రేకులను మార్చి కూర్చి పాత చెవికే సరిపెడతాడు. లేదంటే పాత చిప్పును కొత్త చెవిలోకి మార్పించడమో, కొత్త చిప్పును బండికి పరిచయం చేయించడమో చేయాలి. తీసేసిన పాత చెవులను పారేయకుండా, బ్యారెల్ మార్చిన బిల్లుతో కలిపి బండి కాగితాల దగ్గర పెట్టుకోవాలి. కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు సాధారణంగా మొదట అడిగేవి రెండు చెవులూ ఎక్కడ అనే.